బిడ్డను తెలుసుకుందాం – 4వ పాఠం: ‘పోయొస్తా’ అని చెప్పి వెళ్లండి

పోయిన పాఠంలో బిడ్డ చేసే శబ్దాలకు మీరూ బదులు పలకమన్నాను. అది మానకండి. ఈ వారం ఎనిమిది నెలలు దాటిన పిల్లల సంగతి.

టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ పనులు జరిగే రోజుల్లో పొద్దున్నే ఆటో వచ్చేస్తుంది. తల్లి ఎక్కాలి, బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉండాలి. “వాడు చూశాడంటే వదలడు. నేను కోడిని చూపిస్తుంటా, నువ్వు దొడ్డిదారిన పో” అంటుంది అమ్మమ్మ. ప్రేమతోనే అంటుంది. ఒంగోల్లో నేను ఉద్యోగానికి వెళ్లేటప్పుడు మా అమ్మా ఇదే మాట చెప్పేది, నేనూ అలాగే జారుకునేదాన్ని. నెల తిరక్కముందే మా పాప నన్ను స్నానానికి కూడా కదలనిచ్చేది కాదు. నిద్రలో లేచి నా కొంగు తడుముకునేది. మొండిదైపోతోందని టెన్షన్ పడ్డాను. అది మొండితనం కాదు, భయం.

ఆరు నెలల బిడ్డ ముందు గిలక్కాయ పెట్టి, చూస్తుండగానే తువ్వాలు కప్పండి. చాలామంది ఇక దాని జోలికి పోరు. తొమ్మిదో నెలలో అదే బిడ్డ తువ్వాలు లాగేసి గిలక్కాయ అందుకుంటుంది. కంటికి కనబడకపోయినా వస్తువు ఎక్కడో ఉందని ఇప్పుడు తెలుసు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే (1896–1980) తన ముగ్గురు పిల్లలనే దగ్గరుండి గమనించి ఈ మార్పును వివరించాడు. చేత్తో వెతకలేకపోయినా ఆ ఎరుక ఇంకా ముందే మొదలవుతుందని తర్వాతి పరిశోధకులు చూపించారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఇన్నాళ్లూ కనబడని అమ్మను తలుచుకుని వెతుక్కోవడం బిడ్డకు చేతకాదు. ఇప్పుడు అమ్మ ఎక్కడో ఉందని తెలుసు, ఎప్పుడొస్తుందో తెలియదు. సాయంత్రం అంటే ఏమిటో తెలియదు. అందుకే ఏడుపు. బుద్ధి ఒక మెట్టు ఎక్కినందుకు వచ్చిన ఏడుపు అది. మామూలుగా ఎనిమిదో నెల ప్రాంతంలో మొదలై, పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఎక్కువగా ఉండి, రెండు మూడేళ్లకు తగ్గుతుంది. పదిమంది చేతుల్లో పెరిగే బిడ్డ అంతగా ఏడవకపోవచ్చు, అదీ మామూలే. చాటుగా వెళ్లిపోతే మాత్రం అమ్మ ఏ క్షణాన్నయినా మాయమవుతుందని బిడ్డకు నేర్పినట్టే. ఇక కాపలా కాయక ఏం చేస్తుంది?

మనలో ఇల్లు కదిలే మనిషి ‘పోతా’ అనడు, ‘పోయొస్తా’ అంటాడు. బిడ్డకు కావాల్సింది ఆ ‘వస్తా’నే.

ఈ వారం సాధన దోబూచులాటతో మొదలుపెట్టండి. ముందు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తీయండి. రెండు రోజులయ్యాక తలుపు చాటుకు వెళ్లండి, కానీ మాట్లాడుతూనే ఉండండి. తర్వాత వంటింట్లోకి వెళ్లి రెండు నిమిషాల్లో రండి. ప్రతిసారీ వెళ్లేముందు ‘పోయొస్తా’, రాగానే ‘వచ్చేశా’. పనికి వెళ్లే రోజున బిడ్డ ఆకలితోనో నిద్రమత్తుతోనో లేకుండా చూసుకోండి. ఆటో రాకముందే అమ్మమ్మ చంకలోకి మారాలి. ముద్దు పెట్టి, రోజూ చెప్పే మాటే చెప్పి, టాటా చూపి కదలండి. ఏడుపు విని వెనక్కి రాకండి. మొదట్లో ఏడుపు పెరగొచ్చు, నాకూ కాళ్లు కదిలేవి కావు.

అమ్మమ్మలూ, ‘ఏడిస్తే బూచోడికి ఇచ్చేస్తా’ అనొద్దు. ‘అమ్మ పనికి పోయింది, వస్తుంది’ అనండి, చాలు. సాయంత్రం తల్లి గుమ్మంలో నుంచే పేరు పెట్టి పిలవాలి. పొగాకు అంటిన చేతులతో మాత్రం ఎత్తుకోవద్దు. చేతులు కడిగి, చీర మార్చుకుని అప్పుడు ఎత్తుకోండి.

తొమ్మిది నెలలు దాటినా పేరు పిలిస్తే తిరిగి చూడకపోతే, దగ్గరివాళ్లను గుర్తుపట్టనట్టే ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

మీరు వెళ్లాక ఎన్ని నిమిషాలు ఏడ్చిందో అమ్మమ్మను అడిగి రోజూ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. వచ్చే పాఠంలో, బిడ్డ వేలు పెట్టి చూపించడం గురించి మొదలుపెట్టేముందు, ఆ అంకెలు చూసుకుందాం.