కన్వర్టర్ పిన్ సరిపోతుందా, వేరే కేబుల్ కొనాలా?

ల్యాప్‌టాప్‌కి ఉన్నది ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల సాకెట్, యాంప్లిఫయర్ వెనకాల ఎర్రదీ తెల్లదీ రెండు ఆర్‌సీఏ సాకెట్లు, చేతిలో ఉన్న ఆక్స్ కేబుల్‌కేమో రెండు చివర్లా చిన్న పిన్నే. దానికో అడాప్టర్ తగిలించాలా, లేక ఒక చివర చిన్న పిన్, ఇంకో చివర రెండు ఆర్‌సీఏలు ఉన్న కేబులే కొనాలా? అడాప్టర్ పెడితే సౌండ్ చచ్చిపోతుందని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్ల మాట విని టెన్షన్ పడకండి.

ఇలాంటి కనెక్షన్‌లో వెళ్లే సిగ్నల్‌ని అందుకునే ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే ఆ సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, మామూలుగా 10,000 ఓమ్‌లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బాగున్న అడాప్టర్ మధ్యలో చేరితే పెరిగే రెసిస్టెన్స్ ఒక్క ఓమ్ కూడా ఉండదు. పది వేల పక్కన అది లెక్కలోకే రాదు, ఏ చెవికీ దొరకదు. బంగారు పూత పిన్ తుప్పు పట్టకుండా కాపాడుతుంది, అంతకుమించి పాటకి అది చేసే మేలేమీ లేదు.

మరి గరగర ఎందుకొస్తుందంటే, అది పట్టు సరిగా లేకపోవడం వల్ల. ప్రతి అడాప్టర్ ఇంకో జాయింటు, ఇంకో చోట లూజయ్యే అవకాశం. బరువైన గట్టి అడాప్టర్‌ని చిన్న సాకెట్‌లో గుచ్చి, దాని చివర లావుపాటి కేబుల్ వేలాడదీస్తే ఆ బరువంతా పొడవాటి గడ్డపార చివర నొక్కినట్టు లోపలున్న సోల్డరింగ్ మీద పడుతుంది, కొన్నాళ్లకి ఒక వైపు సౌండ్ పోతుంది, పోయేది అడాప్టర్ అయితే ఫరవాలేదు కానీ చాలాసార్లు ల్యాప్‌టాప్ సాకెట్టే పోతుంది. అందుకే అడాప్టర్ తప్పదనుకుంటే రెండు పిన్నుల మధ్య జానెడు మెత్తని వైరు ఉన్న రకం తీసుకోండి. కొన్నాక పాట పెట్టి, పిన్‌ని వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి. చిటపటలాడినా, ఒక చెవిలో ఆగిపోయినా అది పనికిరాదు.

కాబట్టి ఒకసారి పెట్టి కదపకుండా వదిలేసే కనెక్షన్‌కి రెండు చివర్లా సరైన పిన్నులున్న కేబుల్ కొనండి. అప్పుడప్పుడూ వాడేదానికి, టెస్టింగ్‌కి, హెడ్‌ఫోన్స్‌ని పెద్ద 6.35 మిల్లీమీటర్ల సాకెట్‌లో పెట్టడానికి అడాప్టర్ చాలు. ఒక అడాప్టర్‌కి ఇంకో అడాప్టర్ తగిలించాల్సి వచ్చిందంటే మాత్రం ఇక కేబుల్ కొనాల్సిందే.

అసలు జాగ్రత్త కావాల్సింది పిన్ సరిపోయినా లోపలి వైరింగ్ సరిపోని చోట. ల్యాప్‌టాప్ స్టీరియో అవుట్‌ని తీసుకెళ్లి మిక్సర్‌లో ఒకే ఒక్క బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెట్టారనుకోండి, పిన్ చక్కగా దూరుతుంది, పాట కూడా వస్తుంది, కానీ గాయకుడి గొంతు మాయమవుతుంది! ఎందుకంటే ఆ ఇన్‌పుట్ రెండు వైర్ల మధ్య తేడానే తీసుకుంటుంది, గొంతేమో ఎడమ కుడి రెండింట్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. దీనికి స్టీరియో పిన్ నుంచి రెండు మోనో పిన్నులుగా చీలే కేబుల్ తీసుకుని రెండు ఛానళ్లలో పెట్టాలి. అలాగని ఎడమ కుడి అవుట్‌పుట్‌లని వై-కేబుల్‌తో నేరుగా కలిపేయకండి, అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కలిపే పని మిక్సర్‌ది.

ఇదే గొడవ తిరగేస్తే మైక్ దగ్గర వస్తుంది. మూడు పిన్నుల గుండ్రటి ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గున్న మైక్‌ని మామూలు అడాప్టర్‌తో కెమెరా స్టీరియో సాకెట్‌లో పెడితే ఒక ఛానల్లో గొంతు సరిగ్గా, రెండో ఛానల్లో తలకిందులుగా రికార్డవుతుంది. ఇయర్‌ఫోన్స్‌లో విన్నప్పుడు బోలుగా ఉంటుంది, ఒకే స్పీకరున్న ఫోన్‌లో పెడితే రెండూ కొట్టేసుకుని దాదాపు ఏమీ వినపడదు. కెమెరా కోసమే వైరింగ్ చేసిన కేబుల్ అడిగి తీసుకోవాల్సింది ఇక్కడే, ఇందులో బేరం లేదు.

మైకున్న ఇయర్‌ఫోన్స్ పిన్‌కి మూడు నల్ల గీతలుంటాయి, అంటే నాలుగు కాంటాక్టులు. వీటిలో మైక్, గ్రౌండ్ స్థానాలు తారుమారైన రెండు పద్ధతులున్నాయి. తప్పు జత కుదిరితే మళ్లీ అదే జబ్బు, గొంతు దూరమై సంగీతం మాత్రం వినిపిస్తుంది, మైక్ బటన్ నొక్కి పట్టుకుంటే బాగవుతుంది. అలా జరిగితే ఇయర్‌ఫోన్స్‌ని తిట్టకుండా ఆ రెండు స్థానాల్నీ మార్చే అడాప్టర్ మధ్యలో పెట్టండి.

యూఎస్‌బీ-సి నుంచి ఇయర్‌ఫోన్ సాకెట్‌కి మార్చేదాన్ని కూడా అడాప్టరే అంటాం కానీ చాలావాటి లోపల ఒక చిన్న డీఏసీ ఉంటుంది, డిజిటల్‌ని ధ్వనిగా మార్చేది అదే, కాబట్టి ఇక్కడ మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ వినికిడిలో నిజంగానే తేడా ఉండొచ్చు. చిప్ లేని రకాలూ ఉన్నాయి, అవి ఫోన్ అనలాగ్ సిగ్నల్ ఇస్తేనే పనిచేస్తాయి. టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి ఆర్‌సీఏకి వెళ్లాలన్నా అంతే, కరెంటు తీసుకునే డీఏసీ డబ్బా కావాలి, ఉత్త వైరుతో జరిగే పని కాదు.

గిటార్‌కి, స్పీకర్లకి లెక్క వేరు. గిటార్ కేబుల్ మరీ పొడవైతే సన్నటి స్వరాల మెరుపు తగ్గుతుంది, కాబట్టి మంచి షీల్డింగ్ (బయటి మోత చొరబడకుండా లోపలి వైరు చుట్టూ ఉండే లోహపు పొర) ఉన్నదీ అవసరమైనంత పొడవున్నదీ చూసుకోండి. స్పీకర్లు 4 నుంచి 8 ఓమ్‌లే కాబట్టి అక్కడ వైరు లావు ముఖ్యం. పిన్ ఒకటే కదా అని గిటార్ కేబుల్‌ని యాంప్లిఫయర్‌కీ స్పీకర్‌కీ మధ్య వాడకండి.

ల్యాప్‌టాప్ కలిపినప్పుడే 'హూం' అని మోత వస్తుంటే కొత్త కేబుల్ కొనేముందు ఛార్జర్ తీసి చూడండి. మోత ఆగిందంటే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్తింగ్ రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడటం, దానికి ఆ చుట్టుని తెంపి పాటని మాత్రం పోనిచ్చే ఐసొలేటర్ వాడాలి. ఇక మిక్సర్ ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్‌కి అడాప్టర్‌తో ఫోనో ల్యాప్‌టాపో తగిలించేముందు ఆ ఛానల్లో మైక్‌కి కేబుల్లోంచే కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి, చాలా మిక్సర్లలో ఆ స్విచ్ ఒకటే అన్ని ఛానళ్లకీ పనిచేస్తుంది.