ఫైట్ సీన్లో ఎన్ని గుద్దులు రాయాలి?

ఒడిశాలోని రాయగడలో మా షార్ట్ ఫిల్మ్ బ్యాచ్‌కి స్క్రిప్టులు రాసేది నేనే. కొత్తగా రాస్తున్న పిల్లలు తెచ్చి చూపించే ఫైట్లు ఎక్కువగా ఇలా ఉంటాయి: "రవి కుడిచేత్తో గుద్దుతాడు. వాడు వంగి తప్పించుకుని ఎడమకాలితో తంతాడు. రవి ఆ కాలు పట్టుకుని మెలితిప్పుతాడు..." పేజీ నిండా ఇదే. అదంతా ఫైట్ మాస్టర్ పని. చోటు చూసి, నటుడి ఒళ్లు ఎంతవరకు వంగుతుందో చూసి, ఆయన ఎలాగూ మార్చేస్తాడు.

అలాగని "ఇక్కడ ఫైట్" అని రాసి వదిలేస్తే కథ అక్కడ ఆగిపోతుంది. ఎవరికి ఏం కావాలి, పైచేయి ఎక్కడ మారింది, ఆ చోటు వల్ల ఏం ఇబ్బంది వచ్చింది, ఇవి మనమే రాయాలి. మా ఊరి దగ్గర చెకాగుడ వంతెన మీద సీన్ అనుకోండి:

బయట. నాగావళి మీద వేలాడే వంతెన. సాయంత్రం.
వంతెన నడుమ రవి, చేతిలో డబ్బు సంచి. రెండు చివర్లా చెరొకడు.
ఇద్దరూ ఒకేసారి పరుగెత్తుకొస్తారు. వంతెన ఊగుతుంది.
రవి సంచిని పళ్లతో కరిచి, రెండు చేతులా తీగలు పట్టుకుంటాడు.
మీద పడి కొడతారు. రవి నోరు తెరవడు.
కడుపులో ఒక గుద్దు. అరుస్తాడు. సంచి నదిలో పడుతుంది.

ఎన్ని దెబ్బలు పడినా రాసింది ఒకటే, నోరు తెరిపించిన గుద్దు. మిగతావి మాస్టర్‌కి వదిలేశాను.

సీన్ అయ్యాక కూడా మిగిలేవి మాత్రం వదలొద్దు. కనుబొమ్మ చిట్లితే రాయండి, తర్వాతి సీన్లో మేకప్ వాళ్లకి ఆ గాయం కావాలి. సంచి తడుస్తుందని రాస్తేనే రెండో టేకుకి ఇంకో సంచి సిద్ధంగా ఉంటుంది.

కొట్టే తీరులోనే మనిషి తెలుస్తాడంటే కాస్త విస్తరించి రాయొచ్చు. చెప్పులు విడిచి, కళ్లజోడు జేబులో పెట్టుకుని మరీ కొట్లాటకు దిగే బడి మాస్టారుంటే, ఆ రెండు పనులూ రాయాల్సిందే. అలాంటి వాటికి నేను పిసినారితనం చూపించను.

ఒక్కో షాట్‌కి ఒక్కో చిన్న వాక్యం, వర్తమానంలో. మా కెమెరామెన్ ఒడియా అబ్బాయి. తెలుగు గడగడా మాట్లాడతాడు గాని చదవలేడు, ఎవరో ఒకరు పైకి చదివి వినిపించాలి. చదివేవాడికి మధ్యలో ఊపిరి అందకపోతే ఆ వాక్యాన్ని రెండు ముక్కలు చేస్తాను.

స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెరమీద ఒక నిమిషం అనే లెక్క 12 పాయింట్ సైజులో కొరియర్ అనే ఫాంటుతో ఇంగ్లిష్ ఫార్మాట్లో రాసేవాళ్లది, అక్కడా ఉజ్జాయింపే. తెలుగులో ఫాంటు మారితే పేజీ మారిపోతుంది. అందుకే కళ్లు మూసుకుని సీన్ ఊహించుకుంటూ ఫోన్లో టైమ్ చూడండి. తెరమీద పది సెకన్లు కూడా ఉండని దానికి అర పేజీ పట్టిందంటే, కొట్టేయడం విశేషణాల దగ్గర మొదలుపెట్టండి.