వానలో ఖాళీ పికప్ జారకుండా ఇట్లా చేశాను

మా మామిడితోపు బంగారుపాళ్యం పక్కన. వాన పడితే చాలు, ఎర్రమట్టి ఎత్తులో ఖాళీ పికప్ వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి. తోతాపురి కాయ నింపితే మాత్రం అదే దారిలో ఎక్కేసేది! కొత్త టైర్లు, చక్రం కింద రాళ్లు, గాలి తగ్గించడం, ఏదీ పనిచేయలేదు.

వెనక బరువుంటేనే చక్రాలకు పట్టు దొరుకుతుందని, సిమెంటు సంచుల్లో ఇసుక నింపి కాటా మీద తూచాను. ఒక్కోటి 40 కిలోలు, మొత్తం నాలుగు. మొదట వెనక తలుపు దగ్గర వేశా. పట్టు వచ్చింది గానీ ముందుభాగం తేలిపోయి మలుపులో స్టీరింగ్ మాట వినలేదు. ఇరుసు దాటి వెనక్కి పోయిన బరువు ముందు చక్రాలను పైకి లేపుతుంది. అందుకే సంచులను జరిపి సరిగ్గా వెనక ఇరుసు మీద, రెండు చక్రాల మధ్య అడ్డంగా పేర్చాను. వాటి ముందు చెక్కపలక అడ్డం పెట్టి, నైలాన్ తాడుతో కొక్కేలకు బిగించాను. ఇది మాత్రం వదలొద్దు, బ్రేకు కొడితే సంచి క్యాబిన్ మీదికి వస్తుంది. తర్వాతి వానకు మొదటి గేరులో, క్లచ్ మెల్లగా వదిలితే ఆగకుండా ఎక్కింది.

ముందు చక్రాలు లాగే బండికి ఇది పనికిరాదు. 160 కిలోలు నా బండికి సరిపోయాయి, మీ మట్టికి, ఎత్తుకి లెక్క మారొచ్చు. కాయ ఎత్తేముందు సంచులు దించేయండి, మోసే పరిమితిలో అవీ లెక్కే.