మాటలు అతకలేదంటే ముందు కథ ప్లాటు విప్పి చూడండి

మీ కథ చదివినవాళ్లు "డైలాగులు పండలేదు" అనగానే చాలామంది డైలాగుల మీదే పడి దిద్దుతారు. జబ్బు తరచూ ఒక మెట్టు పైన ఉంటుంది. మాట్లాడుతున్న మనిషికి ఆ సీనులో ఏం కావాలో రాసేవాళ్లే తేల్చుకోలేదు. అందుకని ఇక్కడ వరస ప్లాటు (ఏది దేనివల్ల జరుగుతుందో ఆ అల్లిక) నుంచి మాటలకు.

ఉదాహరణకు ఒక కథ అనుకుందాం. చిక్కడపల్లిలో పాత పెంకుటిల్లు. దాన్ని కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టడానికి బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇద్దామంటాడు తమ్ముడు శ్రీను. ససేమిరా అంటుంది అక్క విజయ.

సమస్య: మూడు పేజీలైనా కథ కదలదు

కారణం: శ్రీను నిద్ర లేచాడు, చాయ్ తాగాడు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ఇదంతా రాసేవాళ్లు చెయ్యి ఆడటానికి రాసుకున్నది, పాఠకుడికి అక్కర్లేదు.

పరిష్కారం: ఎవరి కోరికకైనా మొదటిసారి అడ్డు తగిలిన చోట గీత గీయండి. పైనున్నది కొట్టేయండి. అందులో తప్పనిసరైనది ఉంటే రెండు వాక్యాలుగా కిందికి దించండి. 1500 మాటల కథలో చిక్కు తొలి 150 మాటల్లో కనబడితే మంచిది.

సమస్య: సంఘటనలు బోలెడు, కథ మాత్రం లేదు

కారణం: సీన్లు పక్కపక్కన ఉన్నాయి తప్ప ఒకదాన్నించి ఇంకొకటి పుట్టలేదు.

పరిష్కారం: ఒక్కో సీనును ఒక్కో చీటీ మీద ఒకే వాక్యంలో రాయండి. చీటీకీ చీటీకీ మధ్య "తర్వాత", "అందుకని", "కానీ" మూడింటిలో ఏది సరిపోతుందో పెట్టండి. "తర్వాత" వరసగా మూడుసార్లు వస్తే కథ అక్కడే తెగింది. శ్రీను బిల్డరును కలిశాడు, తర్వాత అక్క వచ్చింది, తర్వాత వాన పడింది: ఇది డైరీ. శ్రీను అడ్వాన్సు తీసుకున్నాడు, అందుకని అక్క సంతకం కావాలి, కానీ ఆమె కుట్టుమిషను నడిచేది ఆ ఇంటి ముందుగదిలోనే: ఇప్పుడు లాగుడు మొదలైంది. వానను తీసేయక్కర్లేదు. పెంకులు కారి గిరాకీల బట్టలు తడిస్తే శ్రీనుకు వాదన దొరుకుతుంది.

సమస్య: పాత్రలు వార్తలు చదువుతున్నట్టు మాట్లాడతాయి

"అక్కా, నీకు తెలుసు కదా, నాన్న చనిపోయాక ఈ ఇల్లు మనిద్దరి పేరు మీదకు వచ్చింది."

కారణం: అక్కకు తెలిసిందే ఆమెకు చెబుతున్నాడు. అసలు శ్రోత పాఠకుడు.

పరిష్కారం: సమాచారాన్ని దెప్పిపొడవడానికి వాడండి.

"సంతకం పెట్టు అక్కా."
"నాయిన దినాలప్పుడు గూడ గిట్లనే తొందర పెట్టినవ్."

తండ్రి లేడు, ఇంతకుముందూ ఏదో సంతకం జరిగింది, ఆమెకు నమ్మకం లేదు. మూడూ తెలిశాయి, ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు.

సమస్య: హైదరాబాద్ మనుషులే, మాట మాత్రం పుస్తకంలోది

కారణం: "గట్ల", "గిట్ల" అక్కడక్కడా చల్లి, క్రియను "వెళ్తున్నాను" అనే ఉంచేయడం. యాస ముందు పట్టుబడేది క్రియ చివర్లోనే.

పరిష్కారం: పాత్ర మాటల్లో క్రియలన్నిటికీ గీత పెట్టి వరసగా చూడండి. పోతున్న, చేస్తున్నడు, వస్తరు, తెల్వదు. ఇవి కుదిరితే మిగతా మాటలు మామూలుగా ఉన్నా యాస నిలబడుతుంది. కూకట్‌పల్లిలో స్థిరపడ్డ గుంటూరు బిల్డరు "వస్తానండీ" అనొచ్చు, పాతబస్తీ మేస్త్రీ మాటలో దక్కనీ ఉర్దూ "నక్కో" (వద్దు), "హౌ" (అవును) దొర్లొచ్చు. ముగ్గురి చేతా ఒకే తెలుగు పలికించడం ఈ ఊళ్లో అబద్ధం. ఇంకో పొరపాటు పిలుపుల్లో జరుగుతుంది. తెలంగాణ ఇళ్లలో చాలాచోట్ల అక్కను, అమ్మను "నువ్వు" అనే అంటారు. గౌరవం కోసమని "మీరు" పెడితే ఆ ఇల్లు పరాయిదైపోతుంది.

సమస్య: ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు

"అన్నాడు", "అంది" చాలు. "గర్జించాడు", "వాపోయింది" కళ్లకు అడ్డం పడతాయి. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుంటే క్రియే మనిషిని చెప్పేస్తుంది. ఇద్దరు ఆడవాళ్లయితే రెండూ "అంది"లే కాబట్టి నాలుగు డైలాగులకొకసారి పేరో, చేతిలో పనో కావాలి: విజయ దారం కొరికింది.

సమస్య: ముగింపు అతికించినట్టుంది

కారణం: బిల్డరుకు యాక్సిడెంటు అయింది, లాటరీ తగిలింది. చిక్కును పాత్ర విప్పలేదు, పైనుంచి ఎవరో తెంపారు.

పరిష్కారం: చివరి నిర్ణయం విజయదో శ్రీనుదో కావాలి, దానికి ఖరీదు ఉండాలి. ఆ నిర్ణయానికి వాడే వస్తువు, తండ్రి కాగితమో కుట్టుమిషనో, కథ మొదటి మూడో వంతులో ఒకసారి మామూలుగా కనబడి వెళ్లాలి. తర్వాత ఆఖరి పేరాను చేత్తో మూసి చదవండి. కథ పూర్తయినట్టే ఉంటే ఆ పేరా తీసేయండి.