యుద్ధ విమానాలను గుర్తుపట్టడం – 4వ భాగం: ఇన్‌టేక్ చూసి పేరు చెప్పడం

పోయిన భాగం చివర ఇచ్చిన ప్రశ్న ఇది: డెల్టా (త్రికోణం) రెక్క, దానికి ముందు చిన్న కెనార్డ్ రెక్కలు, వెనక ఒకటే నిలువు తోక. ఏ విమానం? ఒక్క పేరుతో సరిపెట్టుకుంటే జవాబు తప్పే. యూరోఫైటర్ టైఫూన్, రఫేల్, గ్రిపెన్, చైనా జె-10, నాలుగూ ఈ వర్ణనలో ఇమిడిపోతాయి. రెక్కలు, తోక మాత్రమే పట్టుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

ఇంజన్‌లోకి గాలి వెళ్లే చోటు, అంటే ఇన్‌టేక్, చూడండి. టైఫూన్‌కి అది గడ్డం కింద వెడల్పుగా ఉంటుంది, నడుమ అడ్డగోడతో రెండు గదులుగా చీలి ఉంటుంది. జె-10కి కూడా గడ్డం కిందే, కానీ ఒకటే గది, ఎందుకంటే ఇంజన్ ఒకటే. రఫేల్‌కి కాక్‌పిట్ దిగువన, బుగ్గల కింద రెండు ఉంటాయి, అంచులు గుండ్రం. గ్రిపెన్‌కి కాక్‌పిట్‌కి అటూ ఇటూ పక్కల్లో పెట్టెల్లాంటివి రెండు. ఎదురుగానో కిందినుంచో తీసిన ఫొటో అయితే ఈ నాలుగింటినీ విడదీయడానికి రెండు క్షణాలు చాలు.

ఒక విమానం కొత్త రూపాంతరాల్లోకి మారేటప్పుడు ముక్కులో రాడార్ మారుతుంది, రెక్కల కింద ఆయుధాలు మారతాయి, రంగు సరేసరి. ఇన్‌టేక్ మాత్రం అంత తేలిగ్గా మారదు. ఇంజన్ ఎంత గాలి అడుగుతుంది, విమానం ఎంత వేగంతో పోవాలి అన్న రెండు లెక్కల మీద దాని కొలతలు నిలబడి ఉంటాయి. దాన్ని కదిపితే లోపలి గాలిగొట్టం మొత్తం మళ్లీ గీయాలి. అందుకే అది మారిందంటే ఇంజనో, విమానం చేయాల్సిన పనో మారిందని అర్థం. ఆ మార్పు మనకు రూపాంతరం పేరు కూడా చెప్పేస్తుంది.

గాలి సంగతి కొంచెం

జెట్ ఇంజన్ ముందుభాగంలో గాలిని కుదించే కంప్రెసర్ బ్లేడ్లు సుమారు మాక్ 0.5 వేగంతో (మాక్ 1 అంటే ధ్వనివేగం) వచ్చే గాలినే సరిగా పట్టుకోగలవు. విమానం మాక్ 2తో పోతున్నా సరే, గాలి బ్లేడ్లను తాకేలోపు అంత నెమ్మదించాలి. ఆ పని ఇన్‌టేక్‌ది.

అన్నిటికంటే తేలిక పద్ధతి ముందు ఒక మామూలు రంధ్రం పెట్టి ఊరుకోవడం. ధ్వనివేగం దాటాక ఆ రంధ్రం ముందు నిలువుగా ఒక షాక్ తరంగం నిలబడి గాలిని ఒక్కసారిగా ఆపుతుంది. మాక్ 1.5 దగ్గర ఇలా ఆపితే గాలి మొత్తం పీడనంలో దాదాపు 7 శాతం వృథా అవుతుంది, భరించవచ్చు. మాక్ 2 దగ్గర అదే నష్టం దాదాపు 28 శాతం. ఆ మేరకు థ్రస్ట్, అంటే ఇంజన్ తోపు, పడిపోతుంది.

నష్టం తగ్గించాలంటే గాలిని ఒక్క దెబ్బకు ఆపకుండా ఏటవాలు షాక్‌లతో మెట్లుమెట్లుగా ఆపాలి. ఏటవాలు షాక్ పుట్టాలంటే గాలికి ఎదురుగా ఒక వాలు ఉండాలి. ఆ వాలు శంకువు కావచ్చు, పలక కావచ్చు, కత్తిరించినట్టుండే పెదవి కావచ్చు. కాబట్టి ఫొటోలో శంకువో కదిలే పలకో కనిపిస్తే ఆ విమానాన్ని మాక్ 2 దరిదాపుల కోసమో అంతకు మించో గీశారని అనుకోవచ్చు. అవేవీ లేని ఉత్త రంధ్రమైతే దాని అసలు పని ధ్వనివేగానికి అటూ ఇటూ. ఇందులో మినహాయింపులున్నాయి. ఎఫ్-16 ఇన్‌టేక్ కదలని ఉత్త నోరే, అయినా అది మాక్ 2 వరకూ పోతుంది. కానీ దాన్ని గీసింది ధ్వనివేగం చుట్టుపక్కల చురుగ్గా తిరగడానికి. ఎఫ్-22లోనూ కదిలే పలకలు లేవు, దాని వాలు పెదవులే ఆ షాక్‌లను పుట్టిస్తాయి.

నాలుగు ప్రశ్నలు, ఇదే వరసలో

ఎక్కడ ఉంది? ఏ ఆకారం? విమానం ఒంటికి అంటుకుని ఉందా, మధ్యలో సందు ఉందా? కదిలే భాగం ఏమైనా కనిపిస్తోందా? పేరు ఊహించే ముందు నాలుగింటికీ జవాబు రాసుకోండి. వరస తప్పించి ముందు పేరు అనుకుంటే, మిగతా జవాబులను కన్ను ఆ పేరుకు తగ్గట్టు వంచేస్తుంది.

*ఎక్కడ.* ముక్కులోనే ఉంటే పాత తరం. మిగ్-15, మిగ్-17, ఎఫ్-86 సేబర్ లాంటివాటికి ఉత్త రంధ్రం. మిగ్-21, సు-7, సు-17 కుటుంబం, ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ లైట్నింగ్‌లకు రంధ్రం నడుమ శంకువు. చాలావాటిలో ఆ శంకువు లోపలే రాడార్ కూర్చుంటుంది. పెద్ద రాడార్ పెట్టాలంటే శంకువు పెరగాలి, శంకువు పెరిగితే ముక్కు మొత్తం లావెక్కాలి. మిగ్-21ఎఫ్-13 సన్నటి ముక్కుకీ, తర్వాతి రకాల లావు ముక్కుకీ తేడా ఇదే. రాడార్ ఇంకా పెద్దదవుతున్న కొద్దీ ఇన్‌టేక్ ముక్కును ఖాళీ చేసి పక్కలకో కిందికో జరిగింది.

గడ్డం కింద ఉన్నవాటిలో ముందు గుర్తుండాల్సింది ఎఫ్-16. ముక్కు పైకెత్తి తిరిగేటప్పుడు బాడీ ముందుభాగమే గాలిని కిందికి మళ్లించి నోట్లోకి పంపుతుంది, ఆ చోటు ఎంచుకోవడంలో లాభం అదే. ముందు చక్రం ఇన్‌టేక్ పెదవికి వెనక ఉండటం గమనించండి. చక్రం చిమ్మే రాళ్లు నోట్లో పడకుండా అలా పెట్టారు.

పైన ఉంటే చాలావరకు రాడార్‌కు దొరక్కుండా ఉండటం కోసమే. బి-2 ఇన్‌టేక్‌లు రెక్క పైభాగంలో, రంపపు పళ్లలాంటి అంచుతో ఉంటాయి. నేలమీది రాడార్‌కు కంప్రెసర్ బ్లేడ్లు కనబడవు. ఎఫ్-117 మరో దారి పట్టింది: నోటికి అడ్డంగా జాలీ. దాని కన్నాలు రాడార్ తరంగం పొడవు కంటే చిన్నవి కావడంతో తరంగాలు లోపలికి దూరలేవు.

*ఆకారం.* పక్కల్లో సగం శంకువుతో అర్ధచంద్రంలా ఉంటే మిరాజ్ 3, మిరాజ్ ఎఫ్1, మిరాజ్ 2000, ఎఫ్-104. తేజస్‌ని మిరాజ్ 2000 అనుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు: రెండూ డెల్టాలే, రెండింటికీ ఒకటే ఇంజన్, వెనక అడ్డ తోక లేదు. తేజస్ ఇన్‌టేక్‌లో సగం శంకువు ఉండదు, పైగా అది రెక్క కిందికి దూరి ఉంటుంది. ఇది ఒక్కటి చూస్తే చాలు.

పక్కనుంచి చూసినప్పుడు నోరు ఏటవాలుగా కోసినట్టుండి, పైపెదవి ముందుకు పొడుచుకొస్తే మిగ్-25, మిగ్-31, ఎఫ్-14, ఎఫ్-15, టు-22ఎం3. అమెరికా నౌకాదళం హార్నెట్, సూపర్ హార్నెట్ రెండింటినీ దూరంనుంచి విడదీయడం కష్టమని అంటుంటారు. ఇన్‌టేక్ కనిపిస్తే ఏమీ కష్టం లేదు. హార్నెట్‌కు, అంటే ఎఫ్/ఎ-18 ఎ నుంచి డి వరకూ, నోరు గుండ్రటిది, సూపర్ హార్నెట్ అనే ఇ, ఎఫ్ రకాలకు మూలలు తేలిన నలుపలకలది.

సందు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ మూడో ప్రశ్న మీదే. చాలామంది దీన్ని అసలు చూడరు.

విమానం ఒంటిని రాసుకుంటూ పోయే గాలిలో ఒక పలుచటి పొర నెమ్మదిగా, గజిబిజిగా కదులుతుంది. ముక్కునుంచి వెనక్కి పోయేకొద్దీ ఆ పొర మందమవుతుంది. పక్కన పెట్టిన ఇన్‌టేక్ ఆ పొరను కూడా మింగితే కంప్రెసర్‌కు ఒకవైపు బలమైన గాలి, మరోవైపు నీరసం గాలి అందుతాయి. బ్లేడ్లు స్టాల్ అవుతాయి, అంటే గాలిని పట్టుకోలేకపోతాయి, ఇంజన్ పెద్ద చప్పుడుతో వెనక్కి గాలి కక్కుతుంది. అది జరక్కుండా ఇన్‌టేక్‌ను ఒంటికి కొంచెం దూరంగా జరిపి, మధ్యలో సందు వదులుతారు. నెమ్మది పొర ఆ సందులోంచి బయటికి పోతుంది. చాలా విమానాల్లో సందు అంచున ఒక పలక ముందుకు పొడుచుకొస్తుంది, దాన్ని స్ప్లిటర్ ప్లేట్ అంటారు. ఎఫ్-4 ఫాంటమ్, మిగ్-23లలో అది పెద్దది, దూరంనుంచే తెలుస్తుంది.

ఇక్కడినుంచి మంచి గుర్తులు దొరుకుతాయి. మిగ్-23బీఎన్, మిగ్-27 రెండింటికీ నేలను చూసేందుకు వీలుగా వాలిన ఒకేరకం ముక్కు. అయితే మిగ్-23బీఎన్‌కు యుద్ధవిమానం మిగ్-23కి ఉన్న పెద్ద పలకల, కదిలే ఇన్‌టేక్‌లే ఉన్నాయి. మిగ్-27ను తక్కువ ఎత్తులో దాడికే కేటాయించారు కాబట్టి మాక్ 2 దాటే అవసరం లేదు. పెద్ద పలకలు తీసేసి, కదలని చిన్న ఇన్‌టేక్‌లు పెట్టారు. అనుమానం తీరకపోతే కడుపు కింద తుపాకీ చూడండి: మిగ్-23బీఎన్‌కు రెండు గొట్టాలది, మిగ్-27కు ఆరు గొట్టాలది.

జె-10ఎకి ఇన్‌టేక్ పైపెదవికీ కడుపుకీ మధ్య సందు ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే చిన్న కమ్మీలు కూడా కనిపిస్తాయి. జె-10బి నుంచి సందూ లేదు, కమ్మీలూ లేవు. వాటి చోట ఒక నున్నటి ఉబ్బు వచ్చింది.

ఆ ఉబ్బున్న ఇన్‌టేక్ పేరు డీఎస్ఐ, అంటే డైవర్టర్ (నెమ్మది పొరను పక్కకు పంపే సందు) లేని ఇన్‌టేక్. ఉబ్బు మీద పెరిగే పీడనం, ముందుకు వాలిన పెదవి రెండూ కలిసి నెమ్మది పొరను పక్కకు నెట్టేస్తాయి. సందు అక్కర్లేదు, కదిలే పలకలు అక్కర్లేదు, బరువు తగ్గుతుంది, రాడార్‌ను తిప్పికొట్టే మూలలూ తగ్గుతాయి. 1996 డిసెంబర్‌లో దీన్ని ఒక ఎఫ్-16 మీద ఎగరేసి పరీక్షించారు, తర్వాత ఎఫ్-35లోకి వచ్చింది. జెఎఫ్-17, జె-20లలోనూ ఇదే. కాబట్టి ఎదురుగా తీసిన ఫొటోలో ఎఫ్-22నా, జె-20నా అన్న అనుమానం వస్తే కాక్‌పిట్ పక్కన చూడండి. సందు ఉంటే ఎఫ్-22, ఉబ్బు ఉంటే జె-20. జె-20కి కెనార్డ్‌లు కూడా ఉన్నాయి కానీ పొగమంచులోనో నీడలోనో అవి రెక్కల్లో కలిసిపోతాయి.

కదిలేవి

నాలుగో ప్రశ్నకు మనల్ని మోసం చేసే అలవాటుంది. ఒకే విమానం నేల మీద ఒకలా, గాల్లో మరోలా కనిపిస్తుంది.

మిగ్-29 నేల మీద ఉండి ఇంజన్ నడుస్తుంటే ముందు నోళ్లు తలుపులతో మూసుకుంటాయి. రెక్క మొదట్లో పైభాగాన ఉన్న వెంటిలేటర్ పలకలు తెరుచుకుని గాలి అక్కడినుంచి పోతుంది. చెత్త, రాళ్లు ఇంజన్‌లో పడకుండా చేసిన ఏర్పాటు ఇది. ఫొటోలో నోరు మూసుకుని ఉంటే అది పాడైన విమానమూ కాదు, వేరే రకమూ కాదు. తర్వాతి మిగ్-29కెలో ఆ తలుపుల బదులు జాలీలు పెట్టారు, పైన వెంటిలేటర్లు లేవు. సు-27 మొదటినుంచీ జాలీనే నమ్ముకుంది. అది ఇన్‌టేక్ లోపలి అడుగునుంచి పైకి లేస్తుంది.

ఎఫ్-15ది ఇంకో వింత: ఇన్‌టేక్ ముందుభాగం మొత్తం కిందికి వంగుతుంది. ఇంజన్ స్టార్ట్ కాగానే అటువైపుది తల వంచుతుంది. ఒకవైపు వంగి మరోవైపు తిన్నగా ఉన్న ఫొటో చూస్తే దెబ్బతిన్నదనుకోకండి, అప్పటికి ఒక ఇంజనే నడుస్తోంది. నిలువుగా పైకి లేవగల హారియర్ ఇన్‌టేక్ చుట్టూ వరసగా చిన్న తలుపులుంటాయి, గాల్లో నిలిచి ఉన్నప్పుడు అదనపు గాలి వాటిద్వారా వస్తుంది. నేల మీద కొన్ని వేలాడుతూ కనిపిస్తాయి.

వీటన్నిటికీ పెద్దన్న అమెరికా నిఘా విమానం ఎస్ఆర్-71. దాని శంకువు మాక్ 1.6 దాటాక వెనక్కి జరగడం మొదలుపెడుతుంది, మాక్ 3.2 వచ్చేసరికి 66 సెంటీమీటర్లు లోపలికి పోతుంది. షాక్ తరంగం లోపల ఉండాల్సిన చోటు తప్పి బయటికి ఎగిరిపడితే ఆవైపు థ్రస్ట్ ఒక్కసారిగా పడిపోయి విమానం పక్కకు గట్టిగా తిరుగుతుంది. దీన్ని అన్‌స్టార్ట్ అంటారు. శంకువును ముందుకు తోసి, షాక్‌ను మళ్లీ లోపలికి లాక్కునే దాకా అదే గొడవ. ఇవాళ నేల మీద ఉన్న ఎస్ఆర్-71లన్నిటి శంకువులూ ముందుకే ఉంటాయి కాబట్టి గుర్తుపట్టడంలో ఇబ్బంది లేదు.

సాధన

మొత్తం 24 ఫొటోలు తీసుకోండి: 8 ఎదురుగా, 8 ముందు మూలనుంచి, 8 పక్కనుంచి. పైనుంచి తీసినవి ఈ వారం వద్దు, వాటిలో గడ్డం కింది ఇన్‌టేక్ అసలు కనబడదు. రెక్కలు, తోక కప్పేలా కాగితం ముక్క పెట్టండి. ఒక్కో ఫొటో 5 సెకన్లు చూసి మూసేసి, నాలుగు జవాబులు రాసి, ఆ తర్వాతే పేరు రాయండి. తప్పు పోయినవాటికి పేరు సరిదిద్ది ఊరుకోకుండా ఏ ప్రశ్న దగ్గర తప్పారో గుర్తు పెట్టండి. సాధారణంగా సందు దగ్గరే పోతుంది. అలా పోయినవాటిని మర్నాడు 3 సెకన్లకు కుదించి మళ్లీ చూడండి.

ఫొటోలు ఎంచుకునేటప్పుడు మూడు ఉచ్చులు. నిలిపి ఉంచిన విమానానికి ఎర్రటి ఇన్‌టేక్ కవర్లు తొడుగుతారు, ఆకారం తెలుస్తుంది కానీ సందు, పలక దాగిపోతాయి. కడుపు కింద వేలాడే ఇంధన ట్యాంకు ఎదురునుంచి చూస్తే గడ్డం కింది ఇన్‌టేక్‌లా భ్రమ పెడుతుంది. గాలి పోయే నోరైతే నడిబొడ్డు నల్లగా ఉంటుంది, ట్యాంకు ముందుభాగం మెరుస్తుంది. ఇక మిట్టమధ్యాహ్నం ఎండలో రెక్క నీడ పడి, లేని సందు ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు అదే విమానం మరో ఫొటో వెతకండి.

ఎఫ్-16తో కుదిరాక ఒక అదనపు పని. దానికి సన్న నోరు, వెడల్పు నోరు అని రెండు రకాలున్నాయి. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజన్ ఎక్కువ గాలి అడుగుతుంది కాబట్టి బ్లాక్ (తయారీ విడత) 40, 50లకు వెడల్పు నోరు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజనున్న బ్లాక్ 42, 52లకు సన్నది. రెండింటినీ ఎదురుగా తీసిన ఫొటోల్లో పక్కపక్కన పెట్టి చూడండి.

వచ్చే భాగానికి ప్రశ్న: గాల్లో ఉన్న విమానం, కిందినుంచి తీసిన ఫొటో. రెండు ఇన్‌టేక్‌లు రెక్క మొదట్లో కింద, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. వాటి మధ్య ఖాళీ, తోకలు రెండు. సు-27నా, మిగ్-29నా? ఇన్‌టేక్‌లు ఇక్కడ దాదాపు ఒకటే. తేల్చేది రెండు ఇంజన్ల నడుమ వెనక్కి పొడుచుకొచ్చేదో, రానిదో అయిన ఒక భాగం. 5వ భాగం తోకల మీద కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాం.