ట్రిప్లెక్స్ ప్లంజర్ పంపు (నీటిని నెట్టే కడ్డీలు మూడు ఉండే పంపు) వాల్వులు విప్పి బిగించేటప్పుడు జాగ్రత్తలు

– మోటార్ ఆపితే సరిపోదు. మెయిన్ ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా తెంపే స్విచ్) ఆఫ్ చేసి తాళం వేయండి. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి.

– సక్షన్ (నీరు లోపలికొచ్చే), డెలివరీ (నీరు బయటికెళ్లే) లైన్లు మూసి, డ్రెయిన్ తెరిచి ప్రెషర్ మొత్తం వదలండి. గేజ్ సున్నా చూపిస్తోందని ధీమా పడకండి, ముల్లు ఇరుక్కుని ఉండొచ్చు. రెండు వాల్వుల మధ్య ప్రెషర్ మిగిలిపోయి ఉండొచ్చు కూడా. అందుకే కవర్ బోల్టులన్నీ కొద్దికొద్దిగా వదులు చేయండి, మొహం పక్కకు పెట్టండి, నీళ్లు కారడం ఆగాకే కవర్ తీయండి. కళ్లద్దాలు తప్పనిసరి.

– మూడు సక్షన్, మూడు డెలివరీ వాల్వులు. ఏది ఎక్కడిదో గుర్తు వేసుకోండి.

– వాల్వు ఆనే సీటు టేపర్‌ది (ఏటవాలు అంచుది) అయితే, ఆ సీటు కూర్చునే చోటు శుభ్రంగా, పొడిగా ఉండాలి. గ్రీజు రాయొద్దు. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా నీరు ఆ సందులోంచి దూసుకెళ్లి వాల్వులుండే పంపు హెడ్‌నే కోసేస్తుంది. సీటు పోతే మార్చొచ్చు, హెడ్ పోతే ఖర్చు భరించలేం.

– అరిగిన సీటు మీద కొత్త వాల్వు వేయకండి. విరిగిన స్ప్రింగు ముక్కలన్నీ దొరికాయో లేదో చూడండి. ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు రింగులు) కొత్తవే వాడండి.

– బోల్టులు టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచే రెంచి), మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి.

– స్టార్ట్ చేసేముందు సక్షన్, బైపాస్ (నీటిని లోడ్ లేకుండా మళ్లించే దారి) తెరవండి. గాలంతా పోయాకే లోడ్ ఎక్కించండి.