ఒక్క పేజీలో అడ్వెంచర్ ఎలా పట్టించానంటే
రోల్ ప్లేయింగ్ గేమ్స్, అంటే ఆటగాళ్ళు పాత్రలు వేసుకుని డైస్ వేస్తూ కథ నడిపే ఆటలు. వాటిలో ఆడే కథని, మ్యాప్‌ని కలిపి అడ్వెంచర్ అంటారు, అలాంటివి రాసే పోటీయే వన్ పేజ్ డంజన్ కాంటెస్ట్. అది 2009లో మొదలైంది, రూల్ పేరులోనే ఉంది, మ్యాప్‌తో సహా అంతా ఒకే పేజీ. నాదేమో ఫాంట్ ఎంత తగ్గించినా రెండో పేజీలోకి జారిపోయేది. ఫస్ట్ ఆ కోట ఎవరు కట్టారు, రాజుగారి తాతెవరు అనే పురాణం మొత్తం లేపేశా, ఆడేవాళ్ళకి ఎలాగూ తెలీదు కదా అది. తర్వాత గదుల వివరాలు పక్కన పేరాల్లో కాకుండా మ్యాప్ మీదే రాసేశా, ఉదాహరణకి నాలుగో గదిలో ఇంతే: "మోకాళ్ళదాకా ఉప్పునీళ్ళు. గంట కొడితే నీళ్ళు దిగుతాయి, పీతలు లేస్తాయి." గేమ్ మాస్టర్‌కి, అంటే ఆట నడిపించేవాళ్ళకి, అది చాలు. ఇంకోటి, రహస్య ద్వారం క్లూ ఒక్కచోటే ఉంటే, దాన్ని వెతకడానికి వేసిన డైస్ ఫెయిలైతే కథ అక్కడే ఆగుతుంది, అందుకే మూడు చోట్ల పెట్టా. ఫాంట్ మళ్ళీ పెంచేంత జాగా మిగిలింది.